చింతగింజల చప్పుడు

పలమనేరులో చింతపండు మండీ వెనక ఒక పాడిల్లు ఉండేది. పొద్దుగూకితే ఆ సందులోకి ఎవరూ పోయేవాళ్లు కాదు. ఆ ఇంటి కోడలొకామె తొలికానుపులో చచ్చిపోయిందంట. ఆమెకు వామనగుంటలంటే పిచ్చి. రాత్రయితే చాలు, లోపల గుంటల్లో చింతగింజలు పడే చప్పుడు... టక్... టక్... టక్...

ఇది మా మేనత్త నాగరత్నమ్మకు జరిగింది. చానా ఏండ్లు నోరు విప్పలేదు, తర్వాత ఆమే చెప్పింది.

డెబ్బై తొమ్మిదిలో, మార్గశిరం చలి. కూతురు యశోదకు తొలికానుపు — నెల నిండకముందే నొప్పులు మొదలైనాయి. మామ ఊళ్లో లేడు. కరెంటూ లేదు. యశోదను పక్కింటామెకు అప్పజెప్పి, లాంతరు పట్టుకొని మంత్రసాని సిద్ధమ్మ ఇంటికి పరిగెత్తింది మా అత్త.

సిద్ధమ్మ లేదు.

"యాడికో కానుపుకు పొయ్యుంటాది," అన్నాడు మొగుడు, కంబళిలోంచి తల తీయకుండానే.

ఇంక పెద్దాసుపత్రే దిక్కు. దానికి అడ్డదారి... ఆ సందే.

కొంగు నోట్లో కుక్కుకొని నడిచింది. పాడింటి ముందుకొచ్చేసరికి —

టక్... టక్... టక్...

తలుపు సందులో సన్నటి వెలుగు. లోపల్నించి గుసగుస —

"నీ ఆటే... వెయ్యి."

తననే పిలస్తా ఉండాదనుకుంది. వెనక్కి పరిగెత్తితే ఇంటిదాకా వెంటొస్తాదేమో. యశోద మంచం దాకా వస్తాదేమో...

అక్కడే కూలబడింది.

"తల్లీ... నా బిడ్డ జోలికి పోవద్దు. కావల్నంటే నేనొస్తా. తెల్లార్లూ నీతో నేనాడతా... దాన్ని మాత్రం ఇడిసిపెట్టు."

చప్పుడు ఆగిపోయింది. వెలుగూ ఆరిపోయింది.

చీకట్లోంచి ఒక గొంతు —

"నొప్పులు ఎప్పుడు మొదులైనాయి రత్నమ్మా? ఉమ్మనీరు పోయిందా?"

తలుపు కిర్రుమనింది. చీర దులుపుకుంటా బయటికొచ్చింది — మంత్రసాని సిద్ధమ్మ! వెనకాలే, వామనగుంటల పీట చంకలో పెట్టుకొని, ఆమె తోడికోడలు దేవకమ్మ.

బావి నీళ్లకాడ అన్నదమ్ములు కొట్టుకొని, ఆ రెండిళ్లకూ పదకొండేండ్లుగా మాటల్లేవు. ఏ ఆడది అవతలింటి మనిషితో మాట్లాడినా పుట్టింటికి తరిమేస్తామని మొగోళ్లిద్దరూ గంగమ్మ గుళ్లో ఒట్టేసుకున్నారు.

దేవకమ్మ మా అత్త చెయ్యి పట్టుకునింది. "ఎవురికీ చెప్పొద్దు రత్నమ్మా... మా ఇద్దరికీ ఈడ తప్ప ఇంగ యాడా కుదర్దు."

"మాటలు తర్వాత. నడువు," అనింది సిద్ధమ్మ.

తెల్లారకముందే యశోదకు ఆడపిల్ల పుట్టింది. చిన్నదే గానీ, వీధి చివరిదాకా వినపడేట్టు ఏడ్చింది.

మరుసటిరోజు మండీలో చింతపండు కొట్టే ఆడోళ్లంతా మా అత్త చుట్టూ మూగినారు. రాత్రి ఆ సందులో పోయినావంటనే, ఏమన్నా కనపడిందా?

"సూసినా," అనింది మా అత్త, గుండెమీద చెయ్యేసుకొని. "ఒకటి గాదు... రెండుండాయి."