ఎరుపెంత? నీలమెంత?

పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి మామూలుగా ఉద్యోగం గురించి చెబుతాడు. వంట వచ్చా అంటాడు. మరీ చొరవ ఉన్నవాడైతే సినిమాల దాకా వస్తాడు. భూపేష్ మాత్రం, పెద్దవాళ్లు ఇద్దర్నీ విడిగా మాట్లాడుకోమని మేడమీదికి పంపగానే, "ఆకాశంలో కాంతి ఎందుకు వంగుతాదో తెలుసా మీకు?" అన్నాడు.

కర్నూలు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మధులతకు నవ్వాగలేదు.

"బరువైనదాని చుట్టూ స్థలమే వంగుతాది. దాంట్లో పోయే కాంతీ వంగుతాది. దినామూ పిల్లోళ్లకు చెప్పేదే కదా!"

"అది పుస్తకంలో మాట. నా మాట వేరే ఉండాది."

అబ్బాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, కడప దగ్గర నాయన తిమ్మయ్య పెట్టిన బండల పాలిషింగ్ యూనిట్ చూసుకుంటున్నాడు. మనిషి మామూలుగానే ఉన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కళ్లు మాత్రం పరీక్ష బాగా రాసొచ్చిన పిల్లాడిలా మెరిశాయి. మధులతకు ఆ మెరుపు నచ్చింది.

"మే నెలలో తారు రోడ్డు మీద నీళ్లున్నట్టు కనపడతాది చూసినారా? వేడిగాలి పలచన, పైగాలి చిక్కన. కాంతి చిక్కనదాని పక్కకు వంగుతాది. ఆకాశమంతా అట్లాంటిదేదో నిండి ఉండాదనుకోండి. నక్షత్రాల కాడ చిక్కన. గెలాక్సీల మధ్య అంతంత ఖాళీలుండాయే, ఆడ పలచన. అందుకే అన్నీ అంచులకు జరిగిపోయి ఆ శూన్యాలు మిగిలినాయి. శూన్యం పక్కగా వచ్చే కాంతి కూడా బయటికే వంగుతాది. మూడేండ్ల నుంచి ఇదే ఆలోచన నాకు. ఎట్లుండాది?"

అందులో తప్పు మధులతకు వెంటనే కనపడింది. మెట్లెక్కే ముందు అమ్మ కృష్ణవేణమ్మ చెవిలో గట్టిగానే చెప్పింది. "మ్మే, ఆ పిల్లోనితో వాదం పెట్టుకోవాకు. పోయినసారి బ్యాంకు పిల్లోని మాటలో తప్పు పట్టినావు, వాడు మళ్లీ మన వీధి మొగం చూడల్యా. ఏం చెప్పినా బాగుందను."

బాగుందంటే సంబంధం కుదిరినట్టే. ఈ అబ్బాయి కావాలని ఆమెకూ ఉంది. కానీ ఇంత ఆశగా అడిగిన మనిషికి మొదటి మాటే అబద్ధం ఎలా చెప్పడం?

"ఒకటి అడుగుదునా?"

"అడగండి."

"గాజు పట్టకంలో కాంతి వంగితే రంగులు విడిపోతాయి. ఎరుపు కొంచెం, నీలం ఇంకొంచెం ఎక్కువ. ఆకాశంలో అట్లా కాదు, అన్ని రంగులూ ఒకే తీరున వంగుతాండాయి. టెలిస్కోపు ఫొటోలే సాక్ష్యం. మరి మీరు నింపినదాంట్లో ఎరుపెంత వంగుతాది? నీలమెంత?"

భూపేష్ కళ్లలో మెరుపు ఆరిపోవడం మధులత కళ్లారా చూసింది. "వస్తానండి" అని దిగిపోయి, కాఫీ కూడా ముట్టకుండా కారెక్కేశాడు.

వారం దాటినా కబురు లేదు. కబురు పంపాల్సింది మగపెళ్లివాళ్లు. కృష్ణవేణమ్మ ఇంట్లో ఏ గిన్నె కడిగినా చప్పుడే. "రంగులడిగిందంట, రంగులు!"

మధులతకు పాఠం మీద మనసు నిలవడం లేదు. ఆదివారం పొద్దున్నే బ్యాగు భుజాన వేసుకుంది.

"యాడికి?"

"కడపకు పోతాండా."

"ఆడపిల్ల పక్కోళ్లం మనంతట మనం పోతే మర్యాదేముంటాదే?"

"కాదంటే మొగం మీదే కాదననీ అమ్మా. తెలియకుండా ఉండలేను."

బస్సు కడప చేరేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. యూనిట్‌లో మిషన్ హోరు, బండల మీద పారే బూడిదరంగు నీళ్లు. కనుబొమల దాకా దుమ్ము కొట్టుకుపోయిన భూపేష్ ఆమెను చూసి కంగారుగా మిషన్ ఆపేశాడు.

"మీరా! ఈడికెట్లొచ్చినారు?"

"బస్సులో. నేను నచ్చలేదని ఒక మాట చెప్పి పంపొచ్చు కదండీ?"

"నచ్చలేదనింది మీరు కదా! మా నాయనా అదే అనుకుంటాండాడు."

"నేను కాదనింది మీ సిద్ధాంతాన్ని!"

"రెండూ వేరేనా?"

అతను నిజంగానే అడిగాడు.

"ఫ్రెండ్సంతా సూపరంటిరి" అన్నాడు భూపేష్ తలొంచుకుని. "ఒక్కడూ ప్రశ్న అడగల్యా. మీరడిగినంక రోజూ లెక్క వేస్తాండా. ఎట్ల తిప్పినా రంగులు విడిపోతానే ఉండాయి. మూడేండ్లు తప్పును మోసినోన్ని, ఏ మొగం పెట్టుకోని మీకు ఫోన్ చేసేది?"

ఆమె గుండె కరిగిపోయింది. ఇన్నాళ్లూ ఎందరికో తప్పులు దిద్దింది కానీ, ఆ తర్వాత వాళ్లెలా ఉన్నారో ఎప్పుడూ వెళ్లి చూడలేదు.

"కాంతి సంగతిలో మీరు ఓడినారు. కానీ రోడ్డు మీద ఎండమావి చూసి ఆకాశం దాకా పోయిన మనిషి నాకు నచ్చినాడు" అంది నేరుగా. "ఇంకోటి. శూన్యం పక్కన కాంతి బయటికి వంగుతాదంటిరే, పుస్తకమూ అదే చెప్తాది. ఆడ మీరూ పుస్తకమూ ఒకటే."

"నిజంగానా?"

"నిజంగానే. చెప్పిన కారణమే తప్పు!"

భూపేష్ పకపకా నవ్వాడు. కొడుకు నవ్వు విని ఆఫీసు గదిలోంచి తిమ్మయ్య బయటికొచ్చాడు. ఆమెను చూసి తడబడ్డాడు.

"కర్నూలు పాప కదూ? మావాడు ఆ పొద్దు నుంచి సరిగా అన్నం తినల్యా తల్లీ. వాడు చెప్పేది అంత తప్పా?"

మధులత భూపేష్‌ను ఓరగా చూసి, చున్నీ సర్దుకుంది.

"శానా తప్పు, మామా."

భూపేష్ గబుక్కున తలెత్తాడు. తిమ్మయ్య భుజం మీది టవలు తీసి, ఉన్న ఒక్క కుర్చీనీ దుమ్ము లేకుండా తుడిచి ఆమె ముందు వేశాడు.

"కూర్చో తల్లీ. మీయమ్మకు ఫోన్ కలుపు. కబురు పంపాల్సింది మేము కదా."