నలభై రెండు నిమిషాల టేపు

ఉదయం పదకొండింటికి వచ్చిన ఆ అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాలుగింటికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నన్ను తీసుకెళ్ళిపోతారు. ఈలోగా ఏమైనా చెయ్యగలరా?"

మాస్టారు ఇరవయ్యేళ్ళు లెక్కలు చెప్పి తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అయినవాడు. రెండు వృత్తుల్లోనూ ఆయన మెచ్చుకున్న మనిషి లేడు. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు ఆయనకే అసిస్టెంటుగా ఉన్నావిడ మాత్రం ఆయన మాట వేదమనుకుంటుంది. ఆవిడ తలుపు మూసి కాగితాలు ముందుకు లాక్కుంది.

"ఏడవకుండా చెప్పు. ఏడిస్తే అరగంట దండగ," అన్నాడు మాస్టారు.

ఆమె క్యాన్సరు రోగులకు రేడియేషన్ చికిత్స ఇచ్చే కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరు. నెల కిందట ఇద్దరు రోగులకు ఒళ్ళు కాలింది. మిషను రోజువారీ తనిఖీ రికార్డులు చూపించమని విచారణాధికారులు మొన్న అడిగారు. నిన్న పొద్దున ఎవరో వరండాలోని మెయిన్ స్విచ్ ఆపారు. ఆమె సిస్టమ్‌ను మళ్ళీ స్టార్టు చేసేసరికి పద్నాలుగు నెలల రికార్డులు మాయం. బ్యాకప్ టేపులు ఇరవై ఒకటి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ అవి లేవు.

"నేనే చెరిపానంటున్నారు. ఒట్టు, నేను ముట్టుకోలేదు."

"ఒట్లు నాకక్కర్లేదు. సిస్టమ్ చూపించు."

కేంద్రంలో కంప్యూటరు గది ఇరుకు. ఏసీ చప్పుడు చెవుల్లో గింగురుమంటోంది. గోడకు అంటించిన కాగితం మీద బ్యాకప్‌లో వదిలెయ్యాల్సిన డైరెక్టరీల, అంటే ఫైళ్ళు దాచే అరల, జాబితా ఉంది.

"ఇవెందుకు వదిలేస్తావు?"

"అక్కర్లేనివి కదండీ. క్యాష్, ప్రింటరు క్యూ, టెంప్. అన్నీ ఎక్కిస్తే టేపు చాలదు. ఈ జాబితా మూడేళ్ళుగా మారలేదు. ఫైలు తేదీ కూడా చూశాను."

"టెంప్‌లో ఏముంటుంది?"

"చెత్త. మా యూనిక్స్ సిస్టమ్ స్టార్టయినప్పుడల్లా దాన్ని ఊడ్చేస్తుంది."

మాస్టారు ఆమె నోటుబుక్కు తిరగేశాడు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు బ్యాకప్, పక్కన పట్టిన నిమిషాలు. నలభై రెండు, నలభై రెండు, నలభై మూడు. ఇరవై మూడు రోజుల కిందటి నుంచి వరసగా పదకొండు.

"ఇదేమిటి?"

"మా బావ టేపు డ్రైవు హెడ్డు శుభ్రం చేశాడు. అప్పట్నుంచి చకచకా అయిపోతోంది."

"ఎవరీ బావ?"

"మా అక్క భర్త. ఇక్కడే రేడియేషన్ టెక్నీషియన్. నాకీ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే."

"సిస్టమ్‌లో దేన్నైనా మార్చనిచ్చే ఆ రూట్ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"నాకు, పెద్ద డాక్టరుగారికి. అక్కకి నొప్పులొచ్చినరోజు పొద్దున్నే నేను ఆసుపత్రికి పరిగెత్తాను. టేపు పెట్టాలి కదా అని బావకీ చెప్పాను."

"మొన్నటి టేపులో ఏముందో తెర మీద వెయ్యి. రికార్డుల డైరెక్టరీ పేరుందా?"

ఆమె టేపు పెట్టి జాబితా తెర మీద వేసింది. "పేరుందండీ. లోపల ఏమీ లేదు. ఒక్క లైను, పక్కన బాణం గుర్తు."

మాస్టారు ఆ లైను చాలాసేపు చూశాడు. తర్వాత సిస్టమ్ తనంతట తాను రాసుకున్న లాగ్ తెరిపించి, రెండు అంకెలు అసిస్టెంటుకు చెప్పి రాయించాడు.

పెద్ద డాక్టరు వరండాలోనే ఎదురయ్యాడు. "ఇంకా ఏం వెతుకుతారు? పిల్ల తప్పు చేసింది, ఒప్పుకోదు!"

"ఇరవై మూడు రోజుల కిందట మీరెక్కడున్నారు?"

"ఊళ్ళోనే లేను. వారం రోజులు సమావేశాలు. ఎవర్నైనా అడగండి."

అసిస్టెంటు వెళ్ళి అడిగొచ్చింది. నిజమే.

నాలుగింటికి డాక్టరు గదిలో అందరూ ఉన్నారు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. టెక్నీషియన్ మరదలి పక్కన నిలబడి, "భయపడకు, నేను లాయర్ని మాట్లాడతాను," అంటున్నాడు.

"ఆ రికార్డుల్ని ఏ మనిషీ చెరపలేదు," అన్నాడు మాస్టారు. "వాటిని టెంప్‌లోకి జరిపారు. పాత చోట అటు దారి చూపే లింకు ఒకటి పెట్టారు, ఆ బాణం గుర్తు అదే. తెరిస్తే రికార్డులు మామూలుగానే కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. కానీ బ్యాకప్ లింకును లింకుగానే ఎక్కించుకుంటుంది, అది చూపించే చోటికి వెళ్ళదు. టెంప్ ఎలాగూ వదిలేసే జాబితాలో ఉంది. రోజుకొకటి చొప్పున ఇరవై ఒక్క టేపులూ ఒక చుట్టు తిరిగాయి. పాత కాపీల మీద కొత్తవి పడ్డాయి. నిన్న స్విచ్ ఆపారు. ఈ అమ్మాయి తన చేత్తోనే స్టార్టు చేసింది, యూనిక్స్ టెంప్‌ను ఊడ్చేసింది."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"లెక్కల మాస్టారు కథలు కూడా చెబుతారన్నమాట," టెక్నీషియన్ నవ్వాడు.

"లెక్కే చెబుతాను. అంతకుముందు నలభై రెండు నిమిషాల్లో ఎనిమిది వందల నలభై మెగాబైట్లు. తర్వాత పదకొండు నిమిషాల్లో రెండు వందల ఇరవై. ఎలా చూసినా నిమిషానికి ఇరవయ్యే. వేగం పెరగలేదు, సరుకు తగ్గింది. హెడ్డు శుభ్రం చేశానన్న అబద్ధం ఎవరికి కావాలి? సరుకు తగ్గుతుందని ముందే తెలిసినవాడికి." ఆయన ఆపరేటరు వైపు తిరిగాడు. "నువ్వు నిమిషాలు రాశావు. లాగ్ ఒక్కనాడూ చదవలేదు. నీ తప్పు అదొక్కటే. అది చిన్నదేం కాదు."

"పాస్‌వర్డు నాకూ తెలుసు. నన్నెందుకు వదిలేశారు?" అన్నాడు డాక్టరు.

"మీరు ఊళ్ళో లేరు కాబట్టి. ఉంటే వదిలేవాణ్ణి కాదు. ఆ లింకు పుట్టిన టైము టేపులోనే ఉంది. ఇరవై మూడు రోజుల కిందట, అంటే ఈ అమ్మాయి అక్కకి నొప్పులొచ్చిన రోజున, పొద్దున పదకొండూ ఇరవైకి. పాస్‌వర్డు తెలిసిన ముగ్గురిలో ఒకరు ఊళ్ళో లేరు, ఒకామె ప్రసూతి గది ముందు ఉంది. భార్య నొప్పులు పడుతుంటే ఈ పెద్దమనిషి ఇక్కడ కూర్చుని డైరెక్టరీలు జరుపుతున్నాడు."

టెక్నీషియన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎవరూ అడగకుండానే, "రోజూ మిషను తనిఖీ చెయ్యడానికి టైమెక్కడిది? నిన్నటి అంకే ఇవాళా వేసేవాణ్ణి. ఇలా అవుతుందనుకున్నానా?" అన్నాడు. మరదలి చెయ్యి పట్టుకోబోయాడు. "ఒక్కమాట చెప్పవే. పాస్‌వర్డు నాకు ఇవ్వలేదని చెప్పు, చాలు. పాపకి ఇంకా నెలైనా నిండలేదు."

"అప్పుడు నన్ను తీసుకెళతారు బావా."

"నీకు మొగుడూ పిల్లల్లేరుగా!"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆ రోజు అక్క నిన్నే కలవరించింది. పని వదిలి రాలేడే, నీకోసమే కష్టపడుతున్నాడే అని నేనే సర్దిచెప్పాను."

ఆమె ఇన్‌స్పెక్టరు ఎదురుగా కూర్చుని, పాస్‌వర్డు ఎవరికి ఇచ్చిందో, ఎన్నింటికి ఇచ్చిందో మొదటినుంచీ చెప్పింది. ఆయన రాసుకుంటూ, "ఇతను మీకేమవుతాడు?" అని అడిగాడు.

"అక్క మొగుడు," అంది. కలం అందుకుని కింద సంతకం పెట్టింది.