నాన్న తలూపిన గ్లాసు

కాఫీ పొగలు కక్కుతోంది. ఎవాల్ట్ కప్పును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. వేడి తగిలింది. అంతే.

మోజెల్ నది లోయలో, ద్రాక్ష పండించి వైను చేసే వాళ్లలో ముక్కుసూటి మనిషి ఎవరంటే ఎవాల్ట్ పేరే చెబుతారు. కిందటేడు కోతలప్పుడు వచ్చిన జ్వరం ఆ ముక్కులోంచి వాసన ఎత్తుకుపోయింది. సూటిదనం కూడా దాని వెనకాలే వెళ్లిపోయిందని ఆయనొక్కడికే తెలుసు. వాసన తెలియని వాడు వైను చేస్తున్నాడంటే లోయంతా నవ్వుతుంది. అందుకే భార్యకు కూడా చెప్పలేదు.

ఏటా కోతలకు ముందు ఎవాల్ట్, భార్య, కూతురు యుట్టా ముగ్గురూ సైకిళ్ల మీద నది వెంట కోబ్లెంజ్ పట్నం దాకా వెళ్తారు. దారిలో తోటివాళ్ల ఇళ్లలో బస, వాళ్ల వైను, వీళ్ల కబుర్లు. ఈ ఏడు కోబ్లెంజ్‌లో యుట్టా రైలెక్కేస్తుంది. ఉత్తరాన ఏదో గోదాములో పని చూసుకుంది.

"ఇంకొక్కసారి ఆలోచించవే" అంది తల్లి ఇర్మ్‌గార్ట్, రొట్టెకి వెన్న రాస్తూ.

"పీపా కడగడం చేతకాని దాన్ని ఈ లోయలో ఎవరు పెట్టుకుంటారమ్మా? నార్బర్ట్ మావయ్యే వద్దన్నాడు."

ఎవాల్ట్ రొట్టె నోట్లో కుక్కుకున్నాడు. నోరు నిండుగా ఉంటే నిజం జారిపడదు.

ఈ వసంతంలో కొన్నవాళ్లు సీసాలు తిప్పి పంపారు. మూత తీస్తే కుళ్లిన గుడ్డు కంపు. చలికాలమంతా యుట్టా కొండ మీద తీగలు కత్తిరిస్తూ ఉంటే, పీపాల దగ్గర కాపలా ఎవాల్ట్‌దే. అయినా అందరూ అడిగేసరికి, పీపా కడిగింది అమ్మాయే, సరిగ్గా కడగలేదు అని ఆయన నోటి వెంట వచ్చేసింది. యుట్టా కాదనలేదు. నిజమేననుకుంది.

ఆ రోజంతా ఎదురుగాలి. ఒకపక్క నది, ఇంకోపక్క గోడలా నిలబడ్డ ద్రాక్షతోటలు. పెడలు తొక్కడం ఎంతసేపు, నిజాన్ని తొక్కిపెట్టడమే ఆయాసం. రెండుసార్లు కూతురి పక్కకి సైకిలు తెచ్చి, రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి వెనకబడ్డాడు.

మధ్యాహ్నానికి నార్బర్ట్ ఇల్లు చేరారు. బల్ల చుట్టూ అయిదారుగురు తోటల వాళ్లు. నార్బర్ట్ యుట్టా కళ్లలోకి చూడకుండానే పలకరించి, పాత సీసా ఒకటి తెరిచాడు. అక్కడి పద్ధతి ప్రకారం పెద్దవాడు వాసన చూసి తలూపితేనే మిగతావాళ్లు గ్లాసు ఎత్తుతారు. ఎవాల్ట్ గ్లాసు తిప్పాడు, పీల్చాడు, తలూపాడు.

"అమోఘం" అన్నాడు.

గ్లాసులు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఆగిపోయారు. బిరడా చెడింది. తడిసి మురిగిన అట్టపెట్టె వాసన బల్లంతా పరుచుకుంది, ఒక్క ఎవాల్ట్‌కి తప్ప.

"నాన్నకి పొద్దుట్నుంచీ జలుబు మావయ్యా" అంది యుట్టా. తండ్రి గ్లాసు తీసుకెళ్లి పారబోసింది. ఎవాల్ట్‌కి జలుబు లేదు.

బయట సైకిళ్ల దగ్గర ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"ఎప్పట్నించి?"

"ఏంటి?"

"నాన్నా."

"జ్వరం తర్వాత."

ఆమె ముఖం తెల్లబోయింది. "అయితే ఆ పీపా..."

"నువ్వు శుభ్రంగానే కడిగావ్. కంపు మొదలైనప్పుడే వైనుకి కాస్త గాలి తగిలిస్తే పోయేది. రోజూ దాని పక్కనే నిలబడ్డాను. నాకు తెలీలేదు."

"తెలిశాక?"

"నీ పేరు చెప్పాను."

యుట్టా తన రెండు చేతులూ చూసుకుంది. "నిద్రలో కూడా ఆ పీపానే కడుగుతున్నా నాన్నా, ఎక్కడ వదిలేశానా అని. ముక్కు పోయింది నీది, తల తెగింది నాది."

ఇర్మ్‌గార్ట్ పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుంది. "నేనూ దాన్నే తిట్టాను కదయ్యా" అంది.

ఎవాల్ట్ సైకిలు వదిలేసి మళ్లీ లోపలికి వెళ్లాడు. టోపీ తీశాడు. జ్వరం సంగతి, పీపా సంగతి, కూతురి మీదికి తోసిన సంగతి నిలబడే చెప్పాడు. నార్బర్ట్ తలెత్తలేదు.

"అయితే మొన్న నా వైను బ్రహ్మాండం అన్నావే" అన్నాడు ఒక ముసలాయన.

 ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు. నార్బర్ట్ మాత్రం గుమ్మం దాకా వచ్చి, బయట నిలబడ్డ యుట్టాతో, పని కావాలంటే తన దగ్గరే ఉందన్నాడు. ఆమె వద్దంది.

మిగిలిన దారంతా ముగ్గురూ వరసగా తొక్కారు. కోబ్లెంజ్ స్టేషన్‌లో రైలు వచ్చి ఆగింది.

"సీసాకి బిరడా చెడితే ఇంకో సీసా ఉంటుంది. ఇంకో బిడ్డ లేదే నాకు" అన్నాడు ఎవాల్ట్. 

"కోతలకి వస్తా. నిన్ను క్షమించానని కాదు" అంది యుట్టా. "నువ్వొక్కడివే ఆ పీపాల మధ్య ఏం తెలియకుండా నిలబడి ఉంటావని తలుచుకుంటే తట్టుకోలేక."

సంచీ కింద పెట్టి తండ్రిని వాటేసుకుంది. పసిపిల్లప్పుడు చేసినట్టే ఆయన ఆమె జుట్టులో ముఖం దాచుకుని ఊపిరి పీల్చాడు. ఏ వాసనా రాలేదు. రైలు కూత వేసేదాకా పీలుస్తూనే ఉన్నాడు.