థాంక్స్ వేరే, ఇది వేరే

1952 జూన్‌లో ఒక శనివారం. వాన ఇంకా పూర్తిగా వెలవలేదు. తిరువేంగడం అనే కుర్రాడు గుడియాత్తం నుంచి వచ్చిన బస్సు దిగి, వేలూరు కోటకు ఎదురువీధిలో ఉన్న ఇన్సూరెన్సు కంపెనీ మెట్లెక్కాడు. గొడుగు చంకలోని కాగితాలకు పట్టి, తను తడిశాడు.

అతను మ్యాథ్స్‌లో బి.ఏ. యాక్చువరీ కావాలని పట్టుదల. ఫలానా వయసువాళ్ళు వెయ్యిమందిలో ఏడాదికి ఎంతమంది పోతారో అంచనా వేసి, పాలసీకి ఎంత కట్టించుకోవాలో తేల్చే ఉద్యోగం అది. లండన్‌వాళ్ళ పరీక్ష మద్రాసులో ఒకసారి రాసి తప్పాడు. ఈ కంపెనీ పబ్లిసిటీ డైరెక్టర్ ఇలాంటి కుర్రాళ్ళకు శనివారాలు సలహా చెబుతారని విని వచ్చాడు.

డైరెక్టర్ పేరు కోకిల. ఇరవయ్యేడేళ్ళు. మేల్పాడిలో తెలుగు పంతులు వరదరాజులు కూతురు. కంపెనీ నుంచి జనానికి వెళ్ళే ప్రతి ప్రకటనా, ప్రతి ఉత్తరమూ తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ ఆమే రాసేది. యాక్చువరీ పని గురించి అతను రాసుకొచ్చిన కాగితాలు ఓపిగ్గా చదివి, రెండో పేజీ తనకు అర్థం కాలేదని వెనక్కిచ్చింది.

తిరువేంగడానికి కాస్త కోపం వచ్చింది. అది లెక్కల సంగతి మేడం, మీకు అర్థం కాకపోయినా పరవాలేదన్నాడు.

"పాలసీ తీసుకునే నేతగానికీ లెక్కలు రావు. ఆయనకూ అర్థం కాకపోతే పరవాలేదా?" అంది కోకిల. "మీ లెక్క తప్పు లేదు. చెప్పడం రాలేదు, అంతే. ఇంటికి పోయి యాక్చువరీ అంటే ఏమో మీ అమ్మకు చెప్పండి. ఆమెకు అర్థమైతే వచ్చే శనివారం రండి."

బస్సులో దారంతా అతను మనసులో ఆమెతో వాదిస్తూనే ఉన్నాడు. ఇంట్లో అసలు చిక్కు వేరే ఉంది. తండ్రి పోయి నాలుగేళ్ళు. తల్లి కుప్పమ్మ బజార్లో లుంగీల అంగడి చూసుకుంటుంది. తల్లీకొడుకుల మధ్య "తిన్నావా", "తిన్నాను" తప్ప మూడో మాట లేదు. పోయిన మనిషి ప్రసక్తి వస్తుందేమోనని ఇద్దరికీ భయం.

అయినా ఆ సాయంత్రం అంగట్లో కూర్చుని చెప్పాడు. కుప్పమ్మ లుంగీలు మడతపెడుతూ అంతా విన్నది.

"ఎవురు పోతారో తెలీదు, ఎంతమంది పోతారో తెలుసు. అంతే గదా నాయనా?"

అంతేనన్నాడు. తను రెండు పేజీలు రాసింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

కుప్పమ్మ చేతిలో లుంగీ అలాగే ఉండిపోయింది. "అట్లయితే ఆ ఏడు మీ నాయన కాకపోతే ఇంకొకరు పోయుంటారు. నేను సరిగ్గా చూసుకోలేదనే ఇన్నాళ్ళూ అనుకుంటా ఉండాను."

అలా మొదలై, అంగడి మూసేదాకా తండ్రి గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. మధ్యలో ఆయన పొడుం అలవాటు గుర్తొచ్చి నవ్వారు కూడా.

తర్వాతి శనివారం తిరువేంగడం బస్సుకోసం గంట ముందే వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక్క శనివారమూ తప్పలేదు. కోకిల అతని జవాబులు చదవడం, అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత గీయడం, అతను మళ్ళీ రాయడం. గీతలు తగ్గేకొద్దీ కబుర్లు పెరిగాయి. ఒకసారి కాగితం మీద ఒక్క గీతా పడలేదు. గీయడం మరిచిపోయారా అని అడిగాడు. నన్ను చూడకుండా కాగితం చూస్తే తెలుస్తుందని కోకిల అంది. ఇద్దరూ కాసేపు కిటికీలోంచి వాన చూశారు.

మరుసటి ఏడు ఆ పరీక్ష పాసయ్యాడు. కంపెనీ వేలూరు ఆఫీసులోనే ఉద్యోగం ఇచ్చింది. ఆ వారంలోనే ఇంకో సంగతి తెలిసింది. అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వస్తోంది, కర్నూల్లో ఆఫీసు తెరుస్తున్నారు, తెలుగు వ్యవహారమంతా చూడటానికి కోకిల వెళుతోంది.

అతను ఆమె గదికి వెళ్ళి రైళ్ళ టైములు చెప్పాడు. కర్నూల్లో ఎండల సంగతి చెప్పాడు. ఇంతకూ ఏం చెప్పాలని వచ్చినారని ఆమె అడిగింది.

"రెండు మాటలు. మీవల్లే పాసైనాను, మీవల్లే మా అమ్మతో మాట్లాడతా ఉండాను. దానికి థాంక్స్. ఆ మాట అయిపోయింది. రెండోది దీంతో కలపొద్దండి. మిమ్మల్ని పెండ్లి చేసుకోవాలని ఉండాది."

కోకిల పెన్సిల్ కింద పెట్టి, అడ్డంకులు లెక్కపెట్టింది. తనకన్నా అతను మూడేళ్ళు చిన్న. అతనిది వ్యాపారం చేసే కులం, తనది సేద్యం చేసే కులం. తను ఉద్యోగం మానదు. ఇవన్నీ చెప్పి, అసలు అనుమానం చివర్లో బయటపెట్టింది.

"థాంక్సే మీకు ప్రేమలాగా కనబడతా ఉండాదేమో. ఆరు నెలలు చూద్దాం. థాంక్స్ అయితే అరిగిపోతుంది."

కర్నూలుకు వారం వారం ఉత్తరం రాశాడు. అతనికి తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాసేవాడు. తమిళంలో ప-కూ బ-కూ ఒకటే అక్షరం, క-కూ గ-కూ ఒకటే. "మీరు బాగుండారా" అని రాస్తే "మీరు పాకుండారా" అని చదువుకోవచ్చు. పాకడం లేదు, నడుస్తానే ఉండానని ఆమె జవాబు రాసింది.

ఏప్రిల్‌లో ఒక శనివారం కోకిల రెండు రైళ్ళు మారి కాట్పాడిలో దిగి, ఎవరికీ చెప్పకుండా గుడియాత్తం వెళ్ళింది. తిరువేంగడం వేలూరు ఆఫీసులో ఉన్నాడు. అంగట్లో కుప్పమ్మ ఒక్కతే ఉంది. కోకిల తన పేరు చెప్పగానే ఆమె లేచి చెయ్యి పట్టుకుంది.

కొడుకు ఏదీ దాచలేదట. వయసు, కులం, కర్నూలు, ఉద్యోగం, అన్నీ ఆమెకు తెలుసు. మొదట ఒప్పుకోలేదట, నాలుగు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదట. ఆ నాలుగు రోజులూ కొడుకు అలగలేదు, అరవలేదు, పక్కన కూర్చుని నెమ్మదిగా చెబుతూనే ఉన్నాడట.

"ఎదురుగా ఉండి కూడా నాలుగేండ్లు దూరమైపోయినాడమ్మా నా బిడ్డ. నువ్వే మళ్ళీ నాకిచ్చినావు. అయినా ఆ రుణానికని నిన్ను కోడలిగా అడగను," అంది కుప్పమ్మ. "నీ ఉత్తరం వచ్చిన రోజు వాడి ముఖం చూస్తాను గదా, అందుకని అడుగుతా ఉండాను."

కోకిలకు కళ్ళు నిండాయి. సరేనని తలూపింది.

మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికొచ్చిన తిరువేంగడం గడపలోనే ఆగిపోయాడు. లోపల కోకిల అరిటాకు ముందు కూర్చునుంది. అమ్మ వడ్డిస్తోంది. ఎప్పుడొచ్చినారని అడిగాడు.

"పొద్దున్నే. ఆరు నెలలు అయిపోయినాయి గదా," అంది కోకిల. "నువ్వు కర్నూలుకు ట్రాన్స్‌ఫర్ అడుగు."

"ఏమన్నారు?" అన్నాడు, వినబడక కాదు.

"నువ్వు అన్నాను," అంది కోకిల.

కుప్పమ్మ ఇంకో ఆకు వేసింది.