వంతెన కింద పలకకూడదు

రైలు వంతెన కిందనుంచి పోయే ఆ నడకదారికి మంచి పేరు లేదు. పగలైతే పిల్లల బళ్ళు తోసుకుంటూ, కబుర్లాడుకుంటూ జనం పోతూనే ఉంటారు. వేకువ చీకట్లో మాత్రం... ఎంత గుండెధైర్యం ఉన్నవాళ్ళైనా ఆ సొరంగం మొదట్లోనే నోరు కట్టేసుకుంటారు.

లోపల దీపాలు మాడిపోయి చాన్నాళ్ళైంది. గోడ వెంట ఉన్న ఇనుప కమ్మీ మీద కిర్... కిర్... మని ఏదో గీసుకుంటూ వస్తుందట. ఆ వెనకే ఒక గొంతు పిలుస్తుందట.

పలికావో — నీ వెంట వచ్చేస్తుంది.

అందుకని అక్కడ పరుగెత్తేవాళ్ళంతా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. బయట ఎవరినైనా దాటాలంటే "వెనక వస్తున్నా!" అని కేకేస్తారు. వంతెన కింద మాత్రం కిక్కురుమనరు. మనుషులు గుద్దుకుంటే గుద్దుకున్నారు గానీ, దెయ్యానికి దొరక్కూడదు!

అలా పరుగెత్తేవాళ్ళలో ఒక పిల్ల ఉంది, ఆ పిల్లకి ఫైర్ స్టేషన్ ఉద్యోగం కావాలి. పోయినసారి పరుగు పరీక్షలో కొద్దిలో తప్పింది. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక ఆశ లేదు. పరీక్ష వారంలోకి వచ్చేసింది. కాలు బెణికిందా, అంతే సంగతులు.

ఆ వేకువ తోడొచ్చిన వదిన బట్టలు కుట్టే మనిషి. మరదలి నల్లచొక్కా వీపు మీద, చీకట్లో కనబడేలా, రాత్రికి రాత్రే తెల్ల పట్టీ కుట్టి పెట్టింది.

"ఇదేంటి వదినా, నన్ను గూడ్సుబండి చేశావు?"

"ఆ బండికే నయం, కూతైనా వేస్తుంది. నువ్వు పిల్లిలా పోతావు. ఆ పాటలేమిటే, రెండు చెవుల్లోనూ? ఒకటి తియ్యి. ఆ చెవి నాది."

విసుక్కుంటూనే ఒకటి తీసింది పిల్ల. వదిన సొరంగం మొదట్లో బెంచీ మీద కూలబడింది. పిల్ల లోపలికి పరుగు తీసింది.

చీకటి. తన అడుగులే తనకి రెట్టింపై వినిపిస్తున్నాయి...

కిర్... కిర్...

ముందర! ఎడమ పక్కనే!

పిల్ల టక్కున ఆగిపోయింది.

"నేను ఎడమ పక్క ఉన్నా..." అంది ఒక గొంతు, మెల్లగా. "కుడి పక్కగా దాటమ్మా..."

వెనక్కి పరుగెడితే చీకట్లో ఎక్కడ పడుతుందో, కాలు ఏమవుతుందో. ముందుకి పోతే — ముందు అదుంది. నిలబడితే ప్రాణం నిలబడేట్టు లేదు. ఏమైతే అయిందని నోరు తెరిచేసింది.

"ఎ... ఎవరు?"

కిర్రుమనడం ఆగిపోయింది. ఆ తర్వాత ఆ గొంతు వణికింది —

"నువ్వు... మనిషివేనా, తల్లీ?"

ఫోను లైటు వేసింది పిల్ల. ఒక పెద్దాయన. చంకలో తెల్ల కర్ర, ఎడమచెయ్యి కమ్మీ మీద, ఆ చేతికి ఇనుప ఉంగరం. లైటు మొహాన పడినా రెప్ప వాల్చలేదు. చూపు లేదు. ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగమట, పొద్దున డ్యూటీకి ఇలాగే నడిచి వెళతాడట.

"ఇక్కడ దెయ్యాలున్నాయమ్మా," అన్నాడు రహస్యంగా. "వెనక అడుగులు వినబడతాయి. దారి చెబుతా, పలకవు. టక్కున ఆగిపోతాయి. ఊపిరి మాత్రం వినబడుతుంది... అంతలో పరుగో పరుగు! రోజూ బిక్కుబిక్కుమంటూ దాటుతున్నా."

పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అవి దెయ్యాలు కావు బాబాయ్, మేమే!"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. అప్పుడు ఆయన పక్కకి ఒదిగి అన్నాడు కదా:

"సరే, మీరిద్దరూ ముందు వెళ్ళండమ్మా."

"ఇద్దరం ఎక్కడ? నేనొక్కదాన్నే."

"మరి నీ వెనక ఇంకో జత అడుగులు ఆగాయే? పొద్దస్తమానం వినడమే నా పని తల్లీ, పొరబడను."

"వదినా!" అని అరిచింది పిల్ల.

"ఏమే, ఎందుకా కేకలు?" — ఎక్కడో దూరంగా, బెంచీ దగ్గర్నించి.

లైటు వెనక్కి తిప్పింది. ఖాళీ దారి. అయినా మర్యాద మర్యాదే కదా అని, చీకట్లోకి చెప్పింది: "దాటాలంటే... కుడి పక్కగా దాటండి."

ఎవరూ దాటలేదు. పెద్దాయన చెయ్యి పట్టుకుని గబగబా అవతలి వెలుతురులోకి వచ్చి పడింది.

పిల్ల పెద్దాయన సంగతి తోటివాళ్ళకి చెప్పడంతో, మర్నాటినుంచి వంతెన కింద అందరివీ కేకలే. పెద్దాయన ప్రాణం కుదుటపడింది.

పరీక్ష రోజు వచ్చింది. చివరి చుట్టులో పిల్ల కాళ్ళు బరువెక్కాయి. అందరికన్నా వెనకబడింది. తన వెనక ఇంక ఒక్కరూ లేరని తెలుసు. అయిపోయింది, ఇంటిదారే అనుకుంది...

అప్పుడు వీపు మీది తెల్ల పట్టీకి ఊపిరి తగిలినట్టైంది. ఎవరో ఎంతో మర్యాదగా, గుసగుసగా అన్నారు —

"వెనక వస్తున్నా... కుడి పక్కగా..."

ఆ పిల్ల ఎలా పరుగెత్తిందో చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఉద్యోగం వచ్చింది.

ఒకటే — ఈనాటికీ ఆ పిల్ల ఒంటరిగా నడిచినా, కుడి పక్క కాస్త చోటు వదిలి నడుస్తుంది.