నూలుచేయి నేర్చుకున్నది

అత్తగారికి ఎక్కడ ఆగాలో తెలీదని డాక్టర్ యశోధర ఫిర్యాదు. మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి పోపులపెట్టె సర్దేసి వెళ్తారు. ఆఖరికి ఆవిడ థైరాయిడ్ గ్రంథి కూడా మెడలో పెరిగి ఊరుకోలేదు. ఛాతీలోకి దిగి, గాలి గొట్టాన్ని నొక్కుతూ కూర్చుంది. వెల్లకిలా పడుకుంటే ఆవిడకి ఊపిరాడదు.

2091 నాటి విశాఖలో ఇదేం భయపడాల్సిన జబ్బు కాదు. తోటికోడలు మాళవిక కనిపెట్టిన 'నూలుచేయి' ఉంది. దారమంత సన్నటి రోబో. మెడ మీద చిన్న గాటులోంచి ఛాతీలోకి దిగి, నరాలకి తగలకుండా గ్రంథిని విడదీసి పైకి లాక్కొస్తుంది. రొమ్ము ఎముక కొయ్యక్కర్లేదు. దానికి పని నేర్పింది మాత్రం యశోధర వేళ్ళే. సెన్సర్ గ్లవ్ తొడుక్కుని ఏళ్ళ తరబడి ఆమె చేసిన ఆపరేషన్లన్నీ, మాటలతో సహా, దాని బుర్రకెక్కాయి.

చెయ్యి తనది, పేరు మాళవికది. ఆ పేరు ఎవరు మెచ్చుకున్నా యశోధర నోట్లో కాఫీ చేదెక్కేది.

"ఇంట్లో ఇద్దరుండగా బయటివాళ్ళెందుకే? మాళవిక మిషనుతో కానివ్వండి. నువ్వు పక్కనుండు యశోధరా," అన్నారు అత్తగారు.

'పక్కనుండు' దగ్గరే మండింది యశోధరకి.

థియేటర్లో నూలుచేయి చకచకా దిగింది. తీరా చూస్తే గ్రంథి అడుగుభాగం పెద్ద సిరకి అతుక్కుపోయి ఉంది. లాగితే సిర చిరుగుతుంది. యశోధరకి లోలోపల కాస్త హాయిగా అనిపించింది. పడుకున్నది అత్తగారని గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఆగు. అక్క ఛాతీ తెరుస్తుంది," అంది మాళవిక యంత్రంతో.

"అక్కర్లేదు. నాకు తెలుసు. తప్పుకోండి," అంది నూలుచేయి, లాగుతూనే.

అవి యశోధర మాటలే. ప్రతి ఆపరేషన్లో, సాయం రాబోయిన ప్రతివాళ్ళతో అన్నవి.

"కరెంటు ఆపెయ్ మాళవికా."

"ఆపితే సిరని లాగిపట్టుకునే బిగుసుకుపోతుందక్కా. నీ గ్లవ్ మాటే వింటుంది."

తెర మీద సిర సాగి పల్చబడుతోంది. యశోధర గ్లవ్ తొడిగి వేళ్ళు వదులు చేసింది. యంత్రం వదల్లేదు.

"నోటితో కూడా చెప్పాలక్కా. అది నీ మాటలు కూడా నేర్చుకుందిగా."

"ఏమని?"

"నువ్వెప్పుడూ అననిది."

యశోధర పళ్ళు బిగబట్టింది. తర్వాత, "నా వల్ల కావట్లేదు. మాళవికా, నువ్వొచ్చి పట్టుకో," అంది.

నూలు వదులైంది. ఇద్దరూ కలిసి ఛాతీ తెరిచి గ్రంథిని బయటికి తీశారు. పెద్ద వంకాయంత ఉంది. సిర చెక్కుచెదరలేదు.

"దాన్ని తిట్టకు. ఆ బుద్ధి నేర్పింది నేనే," అంది యశోధర, కుట్లు వేస్తూ.

"గ్లవ్ ఇంకా తియ్యలేదక్కా. ఇదీ నేర్చుకుంటోంది."

"నేర్చుకోనీ. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. నిన్నయితే, కుళ్ళుతో, మరీను. తప్పు నాదే."