రెండులోంచి రెండు తీసేస్తే

నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు. ఆ మధ్యాహ్నం తర్వాత ఆ మాట ఎవరూ అనడం లేదు.

పళ్లు ముక్కలు కోసి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ అది. మూతలు బిగించిన డబ్బాల్ని ఆవిరి మీద ఉడికించే ఇనప పీపా ఒకటుంది. అడ్డంగా పడుకోబెట్టిన పీపా, బస్సంత పొడుగు. దాని తలుపు తీసి మూసే పని మా అన్నయ్యది. మీటర్లు బిగించే పని నాది. లోపలి ప్రెషర్ చూడ్డానికి పీపాకి ముందొకటి, వెనకొకటి సెన్సర్లు. రెండింటినీ కలిపి ఒకే డిస్‌ప్లే మీద ఒకే అంకె కనిపించాలని ఓనరు పట్టుబట్టాడు. పాత ముల్లు మీటర్లు ముందే పీకించేశాడు, మహానుభావుడు.

గదికి కిటికీ లేదు. ఒక్కటే బల్బు. తడిసిన ఇనుము వాసన, ఊపిరాడని ఉక్క.

"ఎంతసేపే? పెళ్లికి ముస్తాబవడానికి కూడా నీకింత టైము పట్టలేదు," అన్నాడు అన్నయ్య.

"నోర్మూసుకో. ఆ తలుపు ముందు నిలబడేది నువ్వే, నేను కాదు."

రెండు సెన్సర్లనీ ఎలా కలపాలో డిస్‌ప్లేకి మనమే చెప్పాలి. రెండింట్లో ఎక్కువది చూపించాలా, సగటా, తేడానా అని. నేను 'ఎక్కువది' పెట్టాను. 'తేడా' పెడితే కొంప మునిగినట్టే. ముందూ రెండు, వెనకా రెండు ఉంటే తేడా సున్నా. లోపల ఆవిరి నిండుగా ఉన్నా డిస్‌ప్లే అద్దం మీద మాత్రం సున్నా. అది చూసి తలుపు తీస్తే ఆవిరంతా మనిషి మీద పేలుతుంది. అందుకే పాస్‌వర్డ్ కూడా వేసి, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

ఆవిరి ఎక్కించాం. అంకె మెల్లగా పెరిగి రెండు దగ్గర ఆగింది. ఉడకడం అయ్యాక అన్నయ్య ఆవిరి వదిలే వాల్వు తిప్పాడు. నేను సామాను సర్దుకుని తలెత్తేసరికి సున్నా. అన్నయ్య చెయ్యి తలుపు చక్రం మీదుంది.

అప్పుడు తట్టింది. ఆవిరి పోయేటప్పుడు చెవులు చిల్లులు పడేలా కూత రావాలి. కూతేదీ?

"అన్నయ్యా! చెయ్యి తియ్యి!"

సెట్టింగు తెరిచాను. 'తేడా'.

నేను పెట్టలేదు. ఒట్టు, నేను పెట్టలేదు. మళ్లీ 'ఎక్కువది' నొక్కాను. రెండు. వాల్వు పట్టేసినట్టుంది, ఆవిరంతా లోపలే ఉంది. నేను వేలు వెనక్కి తీసుకున్నాను...

అద్దం మీద, నేను నొక్కిన 'ఎక్కువది' పక్కనున్న గుర్తు కిందికి దిగింది. సగటు. ఇంకొంచెం కిందికి... తేడా.

సున్నా.

ఎవరూ ముట్టుకోలేదు.

అన్నయ్య గుసగుసగా అన్నాడు. "నాకంటే ముందు ఇక్కడ చేసినతను... పాత మీటరు మీద సున్నా చూసే తలుపు తీసి, పోయాడట."

"చచ్చినోడా! నాకు ముందే చెప్పవేం?"

"చెప్తే ఈ పని మాన్పించేస్తావని."

పీపా లోపల్నించి టక్... టక్... ఓపిగ్గా తలుపు కొడుతున్నట్టు.

బయట షెడ్డులో బాయిలరు ఆపించాలి. ఇద్దరం పోదాం పదమంటే అన్నయ్య కదల్లేదు. "డబ్బాలు దించేవాళ్లు వచ్చే వేళైంది. సున్నా చూసి తలుపు తీసేస్తారే. నేను కాపలా ఉంటా, నువ్వెళ్లు."

"నువ్వు దాన్ని ముట్టుకున్నావో, చంపేస్తాను."

పరిగెత్తాను. బాయిలరు ఆపించి, రొప్పుతూ అక్కణ్నించే ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఇంకో గంట వరకూ ఎవర్నీ తలుపు దగ్గరికి రానివ్వకు. నేను ఓనర్ని తీసుకొస్తున్నా."



"ఎవరండీ మీరు?" అన్నాడు అన్నయ్య. "మా చెల్లెలు నా పక్కనే ఉంది..."

"అన్నయ్యా, నేనే! అది నేను కాదు! బయటికి వచ్చెయ్!"

అతని వెనకనించి నా గొంతు వినిపించింది. నేను విసుక్కున్నట్టే విసుక్కుంటూ.

"ఎవరో పిచ్చివాళ్లు, పెట్టెయ్ అన్నయ్యా. సున్నా అయింది. తియ్యి."

చక్రం తిరుగుతున్న చప్పుడు మొదలైంది.